ఎగుసి కొనేటప్పుడు: పెంకుతోనా, పప్పుగానా, పొడిగానా?

ఎగుసి అంటే పశ్చిమ ఆఫ్రికాలో నూరి కూరకు చిక్కదనం తెచ్చుకునే పుచ్చ జాతి గింజ. అది నైజీరియాలోని లాగోస్ బజార్లోనైనా, లండన్ పెక్హామ్‌లోనైనా, హ్యూస్టన్‌లోని ఆఫ్రికన్ కొట్లోనైనా మూడు రూపాల్లో దొరుకుతుంది: పెంకుతో ఉన్న గింజ, పెంకు తీసిన పప్పు, మర ఆడించిన పొడి. సులువని పొడి తీసుకున్నవాళ్లూ, తాజాగా ఉంటుందని పెంకుతో ఉన్నది తీసుకున్నవాళ్లూ చివరికి విసుక్కునేదే ఎక్కువ. చాలామందికి సరిపడేది మధ్యలోది. పెంకు తీసిన పప్పు, ఒక్కసారికి అర కిలోకి మించకుండా కొని, వండే రోజున ఇంట్లోనే మిక్సీ పట్టుకోవాలి. ఈ సలహా ఎవరికి పనికిరాదో, ఎగుసి దొరకని ఊళ్లో మన కిరాణా కొట్లోంచి దేన్ని అందుకోవాలో కూడా కింద ఉంది.

ముందు ఏ గింజో తేల్చుకోవాలి

ఎగుసి నైజీరియాలో మాట్లాడే యొరుబా భాషలోని మాట. హౌసా వాళ్లు, ఘనా వాళ్లు అగుషి అంటారు. బెనిన్‌లో గూసీ. ఐవరీ కోస్ట్, కామెరూన్‌లలో ఫ్రెంచి మాట్లాడే చోట దీన్నే పిస్తాష్ అని అమ్ముతారు. ఆ పేరు చూసి పిస్తా అనుకుని డబ్బులు పెట్టకండి, పిస్తాకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. పైగా ఎగుసి అనేది ఒక్క మొక్క పేరు కూడా కాదు. నూనె ఉన్న గింజను నూరి కూరకు చిక్కదనం తెచ్చే పద్ధతి ఒకటుంది, ఆ పద్ధతిలో పడే దోస, పుచ్చ జాతి గింజలన్నిటికీ ఈ పేరు అంటుకుంది.

మార్కెట్లో ఎక్కువగా దొరికేది సిట్రుల్లస్ మ్యూకోసోస్పెర్మస్ అనే తీగది. ఇది మన పుచ్చకాయకు దగ్గరి చుట్టం. బయటినుంచి చూస్తే చిన్న పుచ్చకాయే. కోస్తే లోపల ఎరుపు ఉండదు, గుజ్జు తెల్లగా, గట్టిగా, నోట పెట్టలేనంత చేదుగా ఉంటుంది. కాయను పెంచేది గింజ కోసమే. పచ్చి గింజ చుట్టూ జిగట పొర ఒకటి ఉంటుంది. జాతి పేరులోని మ్యూకోసోస్పెర్మస్ అంటే అదే, జిగురు గింజ అని.

నైజీరియా వ్యాపారులు ఇందులోనే రెండు రకాలు విడదీస్తారు. బారా గింజ గోధుమ రంగులో ఉండి, అంచు చుట్టూ మందమైన నల్లటి గీతతో కొంచెం పెద్దగా ఉంటుంది. సెరెవె గింజ లేత రంగులో, అంచు పల్చగా, నున్నగా ఉంటుంది. రెండూ సుమారు 15, 16 మిల్లీమీటర్ల పొడవే. పెంకు తీశాక రెంటినీ పక్కపక్కన పెడితే వ్యాపారి కూడా తడబడతాడు. పప్పు కొనేవాళ్లు బారానా సెరెవెనా అని బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. పెంకుతో కొనేవాళ్లకు మాత్రం ఒక సంచిలో ఒకటే రకం ఉండాలి. రెండూ కలిస్తే పెంకు ఒకే ఊపులో రాదు, సగం పప్పు చితికిపోతుంది.

రెండోది ఎగుసి ఇటో. ఇది వేరే తీగ, శాస్త్రనామం మెలోత్రియా స్ఫేరోకార్పా, పాత పుస్తకాల్లో కుకుమెరోప్సిస్ మాన్నీ. నేల మీద పాకదు, చెట్టు మొద్దునో పందిరినో పట్టుకుని ఎక్కుతుంది. గింజ తెల్లగా, నున్నగా ఉంటుంది. చేతికి రావడానికి ఆరు నెలల పైమాటే కాబట్టి, మూడు నాలుగు నెలల్లో వచ్చే మొదటి రకం ముందు ఇది వెనకబడింది. కనిపిస్తే తీసుకోండి, వాడకం అంతా ఒకటే. దాని కోసం ఊరంతా వెతికేంత తేడా మాత్రం లేదు. సొరకాయ గింజల్ని కూడా పశ్చిమ ఆఫ్రికాలో కొన్ని చోట్ల ఎగుసిగానే వాడతారు. గింజ పలకలా పొడుగ్గా ఉంటే అది సొర జాతిదని గుర్తు.

పక్క అరలోనే ఒగ్బోనో అని మరో గింజల పొట్లం ఉంటుంది. కొత్తవాళ్లు పొరపడేది ఇక్కడే. అది అడవి మామిడి టెంకలోని పప్పు. నీళ్లు తగిలితే బెండకాయలా సాగుతుంది. ఎగుసి సాగదు, గుల్లగా ముద్ద కడుతుంది. ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే కూర కాస్తా వేరే వంటకమైపోతుంది.

ఇంకో హెచ్చరిక కాస్త గట్టిగానే చెప్పాలి. పాత వృక్షశాస్త్ర పుస్తకాలు కొన్ని ఎగుసిని సిట్రుల్లస్ కొలోసింథిస్ అని రాశాయి. ఆ పేరు మన ఏటిపుచ్చది. కొన్ని ప్రాంతాల్లో పాపరకాయ అంటారు, ఇసుక నేలల్లో దానంతటదే పాకుతుంది. దాని గుజ్జు తీవ్రమైన విరేచనకారి, మోతాదు మించితే నెత్తురు విరేచనాలు అవుతాయి. పేరు కలిసింది కదా అని దాని గింజలు ఏరి తెచ్చి నూరుకోవద్దు. ఎగుసి వేరు, ఏటిపుచ్చ వేరు.

మూడు రూపాల్లో ఏది, ఎవరికి

పప్పు బరువులో దాదాపు సగం నూనె, పావు వంతు పైగా మాంసకృత్తులు. నూనెలో ఎక్కువ భాగం లినోలిక్ ఆమ్లం, అంటే సన్‌ఫ్లవర్ నూనె కోవకు చెందినది. ఇలాంటి నూనెకు గాలి, వెలుతురు, వేడి పడవు, తొందరగా మక్కు వాసన పడుతుంది. రూపం ఎంచుకోవడంలో ఉన్న కిటుకంతా ఇదే. పెంకు ఉన్నంతకాలం గాలి లోపలికి పోదు. పెంకు తీస్తే రోజులు లెక్క మొదలవుతుంది. పొడి చేస్తే గాలి తగిలే మేర ఎన్నో రెట్లు పెరుగుతుంది, అప్పుడిక లెక్క వారాల్లోనే.

పెంకుతో ఉన్న గింజ తక్కువ ధరకు వస్తుంది, పొడి చోట పెడితే నెలల తరబడి నిలుస్తుంది. కానీ లెక్క వేసి చూడండి. కిలో గింజకు, గింజ నిండుగా ఉంటే, 600 గ్రాముల దాకా పప్పు వస్తుంది. తాలు ఎక్కువుంటే సగం కూడా రాదు. అందుకని కిలో పప్పు ధర కిలో గింజ ధరకు 1.7 రెట్లలోపే ఉంటే, పెంకుతో కొనడం వల్ల మిగిలేదేమీ లేదు, పెంకు వొలిచే చాకిరీ తప్ప. ఆ చాకిరీ తక్కువేమీ కాదు. గింజల మీద నీళ్లు చిలకరించి, గుడ్డ కప్పి పావుగంట ఉంచితే పెంకు మెత్తబడి పప్పు విరగకుండా వస్తుంది. అంచును బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య పట్టి నొక్కితే చీలుతుంది. కిలో గింజ వొలవడానికి చేయి తిరిగినవాళ్లకే గంటలు పడుతుంది. వొలిచాక చాటలో చెరిగి, అదే రోజు ఎండబెట్టాలి. తడి ఉన్న పప్పును డబ్బాలో పోస్తే బూజు ఖాయం. లాగోస్‌లోనో అబూజాలోనో ఏళ్ల తరబడి ఉండి, పనిలో సాయం ఉన్న ఇంటికి ఇది బాగానే ఉంటుంది. నెలకోసారి వండుకునే ఇంటికి అక్కర్లేదు.

పొడి గురించి మా మాట ఖచ్చితంగానే ఉంటుంది: మీ కళ్లముందు మర ఆడించిస్తే తప్ప కొనవద్దు. ఎప్పుడు ఆడించారో పొట్లం మీద ఉండదు. ఉన్నా, ఎంత పాత పప్పు ఆడించారో ఉండదు. మొక్కజొన్న పిండి, సోయా పిండి, వేరుశనగ చెక్క కలిపినా కంటికి తెలియదు. లాగోస్ బజార్లలో పప్పు కొంటే పక్కనే ఉన్న మరలో అప్పటికప్పుడు ఆడించి ఇస్తారు. అది మంచి పద్ధతి. అయితే ముందు మిరపకాయలో, రొయ్యలో ఆడించిన మర అయితే ఆ వాసన మీ సంచిలోకి వస్తుంది. మొదటి గుప్పెడు పక్కన పోయించండి.

ఇక పప్పు. నైజీరియా బజార్లలో తూకం కన్నా కొలతే ఎక్కువ. మన సోల, తవ్వ, మానిక లాగా అక్కడ డెరికా అని టొమాటో డబ్బా, ముడు అని గిన్నె, అంతకు పైన పెయింట్ బకెట్. కొలిచేవాళ్లు శిఖ కట్టి పోస్తారు, బేరమంతా ఆ శిఖ మీదే. డబ్బా అడుగు లోపలికి నొక్కేసి ఉందేమో చూసుకోండి. విదేశాల్లో సీలు వేసిన పొట్లాలు తూకంతో వస్తాయి కాబట్టి ఆ గొడవ లేదు, బదులుగా అవి ఎంతకాలం గోదాములో మగ్గాయో అన్న గొడవ ఉంటుంది.

గుప్పెడు పప్పును ఎలా చూడాలి

అరచేతిలో పోసి వెలుతురులో చూడండి. మంచి పప్పు దంతపు రంగులో ఉంటుంది, తెల్లటి కాగితం తెలుపూ కాదు, పసుపూ కాదు. ముదురు పసుపు తిరిగితే పాతబడిందని అర్థం. బూడిదరంగు, ఆకుపచ్చ, నల్ల మచ్చలున్న పప్పులు గుప్పెడులో రెండు మూడు కనిపించినా ఆ సంచి వదిలెయ్యండి. ఏరేసుకుందాంలే అనుకోవద్దు. ఆ మచ్చలు బూజువి, బూజుతో వచ్చే అఫ్లటాక్సిన్ అనే విషం కంటికి కనపడదు, ఎంత మరిగించినా పోదు. పశ్చిమ ఆఫ్రికా ఎగుసిని యూరోపియన్ యూనియన్ సరిహద్దులోనే ఆపి అఫ్లటాక్సిన్ పరీక్ష చేయించే సరుకుల్లో పెట్టింది ఇందుకే. గింజను రోడ్డు పక్క తడి నేల మీద ఆరబోయడం, పూర్తిగా ఎండకముందే బస్తాలకెత్తడం దీనికి మూలం.

తర్వాత ఒక పప్పును విరవండి. ఎండినది టక్కున విరుగుతుంది. వంగితే తేమ ఉంది. విరిచిన ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా నమలండి. ముందు చప్పగా, తర్వాత కమ్మగా, జీడిపప్పుకూ పుచ్చపప్పుకూ మధ్య రుచిలా రావాలి. నమిలిన వెంటనే చేదు తగిలితే గింజను సరిగా కడగలేదు, గుజ్జు చేదు అంటుకుని ఉంది. మింగాక గొంతులో గరగరమని చేదు నిలిస్తే నూనె మక్కింది. మొదటిదాన్ని గోరువెచ్చని నీళ్లలో కడిగి ఆరబెట్టి కొంతవరకు బాగుచేసుకోవచ్చు. రెండోదానికి మందు లేదు. ఎంత కారం, ఎంత ఎండు రొయ్యపొడి పోసినా ఆ గరగర పైకే వస్తుంది.

సంచి మూలల్లో పిండిలాంటి పొడి గూడు కట్టి ఉంటే పురుగు చేరింది.

పొడే కొనక తప్పలేదనుకోండి, కల్తీ తెలుసుకోడానికి తేలిక మార్గం ఉంది. చెంచా పొడిని అర గ్లాసు నీళ్లలో రెండు నిమిషాలు మరిగించి పూర్తిగా చల్లార్చండి. మందుల షాపులో దొరికే టింక్చర్ అయొడిన్ రెండు చుక్కలు వెయ్యండి. ఎగుసిలో పిండిపదార్థం చాలా తక్కువ కాబట్టి నీళ్లు అయొడిన్ గోధుమరంగులోనే ఉండాలి. ముదురు నీలం, నలుపు తిరిగితే మొక్కజొన్న పిండో, కర్రపెండలం పిండో కలిసింది. వేడి మీద వేస్తే రంగు రాదు, చల్లారాకే వెయ్యాలి. సోయా, వేరుశనగ కలిపితే ఈ పరీక్షకు చిక్కవు. వాటికి మీ నాలుకే దిక్కు.

ఇంటికి తెచ్చిన పప్పును గాలి దూరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు నెలలు నిశ్చింత, ఫ్రీజర్‌లో ఇంకా ఎక్కువ. వంటగదిలో పొయ్యి పక్క అరలో పెడితే నెలన్నరకే వాసన తేలుతుంది. పొడి మిగిలితే ఫ్రీజర్‌లోనే, నెల లోపు వాడెయ్యాలి.

ఎగుసి దొరక్కపోతే

ఇంటర్నెట్లో చాలామంది గుమ్మడి గింజలు వాడమంటారు. మేం వద్దంటాం, కనీసం మొదటి ఎంపికగా. మన కిరాణా కొట్లో మగజ్ అని అడిగితే ఇచ్చే తెల్లటి పుచ్చపప్పే ఎగుసికి అన్నిటికన్నా దగ్గర. దగ్గరంటే మాటవరసకు కాదు, రెండూ సిట్రుల్లస్ జాతివే. హైదరాబాద్ బేగంబజార్ లాంటి చోట మిఠాయిల వాళ్ల కోసం ఇది కిలోల లెక్కన దొరుకుతుంది. గ్రేవీ చిక్కదనానికీ, లడ్డూల్లోకీ మనవాళ్లు వాడేదీ ఇదే. హైదరాబాద్‌లో చదువుకునే నైజీరియా విద్యార్థులు ఎగుసి కోసం వెతుకుతుంటే, వాళ్లకు చెప్పాల్సిన మాట మగజ్ అనే.

తేడాలు లేకపోలేదు. మగజ్ పప్పు సన్నం, రుచి ఇంకా తేలిక, కొంచెం తీపి. ముద్దలు ఎగుసి అంత గట్టిగా నిలవవు. పొడి చేసేముందు మూకుట్లో సన్న సెగ మీద మూడు నిమిషాలు, రంగు మారకుండా, వేడెక్కేవరకు వేయిస్తే కమ్మదనం పెరుగుతుంది. అసలు ఎగుసికి ఇది అక్కర్లేదు. కొనేటప్పుడు మగజ్‌ను చార్ మగజ్‌తో కలపకండి. చార్ మగజ్‌లో పుచ్చ, ఖర్బూజ, దోస, గుమ్మడి నాలుగూ ఉంటాయి. దోసపప్పు శాతం ఎక్కువైతే కూర పల్చబడుతుంది.

గుమ్మడి పప్పు ఆకుపచ్చగా ఉంటుంది. దాంతో వండితే కూర రంగు బురద పచ్చగా మారుతుంది, పామ్ నూనె ఎరుపు కనపడదు, గుమ్మడి వాసన అన్నిటినీ కప్పేస్తుంది. అయితే దానికో గుణం ఉంది, ముద్ద బాగా కడుతుంది. అందుకని మూడు వంతుల మగజ్‌కు ఒక వంతు గుమ్మడి పప్పు కలిపితే రంగు పాడవకుండా పట్టు వస్తుంది. వేరుశనగపప్పుతో చేసేది పశ్చిమ ఆఫ్రికాలో వేరే కూరే, మంచి కూరే, కానీ ఎగుసి కాదు. నువ్వులు చేదు పుట్టిస్తాయి. బాదం ధరకు తగిన ఫలితం ఇవ్వదు.

పామ్ నూనె విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. మన కొట్లో ప్యాకెట్లలో దొరికే పామోలిన్ శుద్ధి చేసినది. అందులో రంగూ లేదు, వాసనా లేదు. ఎగుసికి కావలసింది శుద్ధి చెయ్యని ఎర్ర నూనె. పెదవేగి, అశ్వారావుపేట చుట్టూ ఆయిల్ పామ్ తోటలు ఎన్నున్నా, గెలల నుంచి తీసిన ఆ ఎర్ర నూనె రిఫైనరీలకే పోతుంది, వంటింటికి రాదు. దొరక్కపోతే వేరుశనగ నూనెలో నాలుగు ఎండుమిర్చి, చిటికెడు పసుపు వేసి కాచుకోండి. రంగు వస్తుంది, ఆ వాసన రాదు.

ఎలా వండుతారో దాన్నిబట్టి

రెండు పద్ధతులున్నాయి, రెంటికీ పొడి ఒకేలా ఉండకూడదు. వేయించే పద్ధతికి మెత్తటి పొడి కావాలి. ముద్దల పద్ధతికి కాస్త పలుకు ఉండాలి, బొంబాయి రవ్వ కన్నా సన్నగా.

మిక్సీలో తప్పు జరిగేది ఎక్కడంటే, ఆగకుండా తిప్పడం. జారు సగానికి మించకుండా, ఒకసారికి 100 గ్రాములే వెయ్యండి. రెండు మూడు సెకన్లు తిప్పి ఆపాలి, మూత తీసి అంచులు గీకాలి, మళ్లీ తిప్పాలి. నాలుగైదు సార్లలో పని అయిపోతుంది. వరసగా అర నిమిషం తిప్పితే బ్లేడు వేడికి నూనె వదిలి, జారు అడుగున నువ్వుల ముద్దలా అతుక్కుపోతుంది. అలా అయినదాన్ని పారెయ్యక్కర్లేదు. వేయించే పద్ధతికి పనికొస్తుంది, ముద్దలకు పనికిరాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పప్పునే తిప్పితే ఈ బాధ తగ్గుతుంది, కానీ డబ్బా మూత తీసి తడి చేరనివ్వకుండా వెంటనే తిప్పాలి.

అయిదుగురికి 200 గ్రాముల పొడి, 120 మిల్లీలీటర్ల ఎర్ర పామ్ నూనె, పెద్ద ఉల్లిపాయ, ఎర్ర క్యాప్సికం మూడు, కారాన్ని బట్టి మిరపకాయలు, 700 మిల్లీలీటర్ల మాంసం లేదా చేపల ఉడుకునీళ్లు, ఆకుకూర 300 గ్రాములు. నైజీరియాలో క్రేఫిష్ అని అమ్మేది సన్న ఎండు రొయ్యలే. కోస్తావాళ్ల ఇంట్లో ఎండు రొయ్యపొట్టు ఉంటే రెండు చెంచాలు పొడి చేసి వెయ్యండి, ఏ లోటూ ఉండదు.

వేయించే పద్ధతిలో పొడిని కొంచెం నీళ్లతో ముద్దగా కలుపుకుని, ఉల్లిపాయ వేగిన నూనెలో వేసి, మధ్యస్థ సెగ మీద ఎనిమిది పది నిమిషాలు కలుపుతూ ఉండాలి. కోడిగుడ్డు పొరటులా పలుకులు పలుకులుగా విడివడి, అంచుల్లో నూనె తేలితే అయినట్టు. అప్పుడు మిరప, క్యాప్సికం నూరినది, ఉడుకునీళ్లు పోసి సన్న సెగన మరో 15 నిమిషాలు. తొందరపడి నీళ్లు ముందే పోస్తే పచ్చి వాసన చివరిదాకా పోదు.

ముద్దల పద్ధతిలో పొడి, తరిగిన ఉల్లిపాయ, ఉప్పు, నీళ్లు కలిపి గారెల పిండంత గట్టిగా చెయ్యాలి. 200 గ్రాములకు 100 మిల్లీలీటర్ల నీళ్లతో మొదలుపెట్టి, కావాలంటే చెంచా చెంచాగా పెంచండి. మరుగుతున్న పులుసులో చిన్న ఉండలుగా వదిలి, మూత పెట్టి, సెగ తగ్గించి, పావుగంట గరిటె ముట్టకూడదు. ముట్టారంటే అంతా కలిసి జావ. పిండి దోసెల పిండిలా జారితే ఎంతసేపు ఆగినా ఉండ కట్టదు. నైజీరియాలోని ఇగ్బో వాళ్లు అక్‌పురు‌అక్‌పు అని చేసే ఉండలకు ఉసు అనే ఒక పుట్టగొడుగు గడ్డను కలిపి దంచుతారు, ఉండకు ఆ సాగే గట్టిదనం దానివల్లే. మగజ్‌తో ముద్దల పద్ధతి మొదటిసారే ప్రయత్నించకండి, ముందు వేయించే పద్ధతిలో చెయ్యి తిప్పుకోండి.

ఆకుకూరల్లో అక్కడ వాడేది ఉగు, అంటే ఫ్లూటెడ్ గుమ్మడి ఆకు, లేదా చేదాకు. ఉగు బదులు తోటకూర బాగుంటుంది. పాలకూర నీళ్లు వదులుతుంది, వేడినీళ్లలో ముంచి పిండి వెయ్యాలి, లేకపోతే అంతసేపూ కష్టపడి తెచ్చిన చిక్కదనం అయిదు నిమిషాల్లో పోతుంది. చేదాకు బదులు మెంతికూర సగం పాళ్లలో. ఆకు ఎప్పుడూ చివరి మూడు నాలుగు నిమిషాల్లోనే. తినేది దంచిన పెండలం ముద్దతోనో, కర్రపెండలం రవ్వతో చేసే ఎబాతోనో. రాయలసీమ ఇంట్లో రాగిసంకటి ఉంటే ఇంకేదీ వెతకొద్దు.

నూనె కోసమైతే

ఎగుసి నూనె లేత పసుపు రంగులో తేలికగా ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికా ఇళ్లలో పప్పు వేయించి, నూరి, వేడినీళ్లు చిలకరిస్తూ పిసికి నూనె పిండుతారు. మిగిలిన చెక్కను కారం, ఉప్పు కలిపి ఉండలు చేసి వేయిస్తే రోబో అనే చిరుతిండి. అమ్మకానికి నూనె దొరికినా పెద్దగా మోజు పడక్కర్లేదు. మాటిమాటికీ కాచే వేపుళ్లకు ఇది పనికిరాదు, ధర ఎక్కువ, నిలవ తక్కువ. చర్మానికి రాసుకోడానికి అడిగేవాళ్లు సాధారణంగా వెతుకుతున్నది కలహారి మెలన్ నూనెని. అది నమీబియా వైపు పెరిగే త్సమ్మా పుచ్చ గింజలది, ఇదే కుటుంబంలో వేరే జాతి. లేబుల్ మీద రెండు పేర్లూ కలిపి రాసి ఉంటే ఆ సీసా అమ్మేవాళ్లకే అది ఏదో తెలియదన్నమాట.

పెరట్లో వేద్దామనుకుంటే

పుచ్చ పండే నేల, పుచ్చ పండే కాలం దీనికీ సరిపోతాయి. మీటరుకో గుంట, గుంటకు రెండు మూడు గింజలు, మూడు నాలుగు నెలల పంట. తీగ నేలను కప్పేసి కలుపును అణిచేస్తుంది. నైజీరియా రైతులు పెండలం, కర్రపెండలం, మొక్కజొన్నల మధ్య దీన్ని వేసేది సగం అందుకే. గుమ్మడిని పట్టే పెంకు పురుగు, పండు ఈగ, బూడిద తెగులు దీన్నీ పడతాయి.

విత్తనం తెప్పించుకోవడమే చిక్కు. వండుకునేందుకు కొన్న పప్పు పెంకు లేనిది కాబట్టి మొలకకు నమ్మకం లేదు. పెంకుతో ఉన్న గింజను విత్తనంగా విదేశం నుంచి తేవాలంటే ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్, 2003 ప్రకారం దిగుమతి పర్మిట్, తెగుళ్లు, పురుగులు లేవని పంపే దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ రెండూ ఉండాలి. సూట్‌కేసులో మడిచి తెచ్చుకునే సరుకు కాదు.

పక్క చేలో తీపి పుచ్చ విత్తనం కట్టేవాళ్లుంటే అస్సలు వెయ్యకండి. తేనెటీగలు రెంటి పుప్పొడినీ కలుపుతాయి. ఆ ఏడు కాయ రుచి మారదు, కానీ దాని గింజ వేస్తే మరుసటి పంటలో చేదు కాయలు బయటపడతాయి. మీ వైపూ నష్టమే. గింజకు ఆ జిగట పొరను ఇచ్చే జన్యువు అంతర్గతమైనది (రిసెసివ్), అంటే తల్లి, తండ్రి రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడేది, తీపి పుచ్చతో కలిసిన మొదటి తరంలో అది కనిపించదు, మీరు దాచుకున్నది ఎగుసి గింజ అవ్వదు. కనీసం అర కిలోమీటరు ఎడం కావాలి.

తీగ ఎండాక కాయలు కోసి, కర్రతో పగలగొట్టి, కుప్ప పోసి వారం పది రోజులు కుళ్లనివ్వాలి. వాసన భరించలేం కాబట్టి ఇంటికి గాలి వచ్చే వైపు మాత్రం పొయ్యకండి. గుజ్జు చేత్తో పట్టుకుంటే జారిపోయే దశకు రాగానే గంపల్లో వేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. అంతకుముందే కడిగితే జిగట పెంకుకు అతుక్కుని చేదు మిగులుతుంది. మరీ ఆలస్యం చేస్తే కుప్పలోనే గింజ మొలకెత్తుతుంది. కడిగిన గింజను టార్పాలిన్ మీద పల్చగా పరిచి, రోజుకు మూడుసార్లు తిరగెయ్యాలి. సాయంత్రం మంచు పడకముందే ఎత్తెయ్యాలి.